ప్రశ్న తేలాకే పద్ధతి

మన కాలేజీల్లో ఎంబీఏ ప్రాజెక్టు అనగానే ముందు తయారయ్యేది ప్రశ్నావళి. ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అస్సలు అంగీకరించను’ దాకా ఐదు గడులు, తెలిసినవాళ్ల చేత నింపించిన వంద కాగితాలు, వాటిలోంచి తీసిన శాతాలు. అసలు ఏం తెలుసుకోవాలనుకున్నారో రిపోర్టు రాసేటప్పుడు వెతుక్కుంటారు. ఈ వరస తిరగబడాలి. ప్రశ్న ముందు తేలాలి, పద్ధతి దాని వెనక నడవాలి.

అలా నడిచిన పరిశోధన మన గోదావరి గడ్డమీదే జరిగింది. సాధించాలన్న తపనను శిక్షణతో పెంచవచ్చా, పెంచితే వ్యాపారం కదులుతుందా అన్నది హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ ప్రశ్న. 1964లో మొదలుపెట్టి 52 మంది కాకినాడవాసులకు హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో విడతలుగా తరగతులు నడిపారు. పోల్చడానికి శిక్షణ అందని రాజమండ్రి వ్యాపారులను తీసుకున్నారు. ‘మీలో మార్పు వచ్చిందా’ అని అడిగి ఊరుకోలేదు. కొత్త వ్యాపారం పెట్టారా, ఎంత పెట్టుబడి పెట్టారు, ఎంతమందికి పని ఇచ్చారు అని ఆరా తీశారు. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో వెలువరించిన పుస్తకంలో, శిక్షణ పొందినవారిలో చొరవ పెరిగిందనీ, సంప్రదాయ విశ్వాసాలు దానికి అడ్డు రాలేదనీ తేల్చారు. ఇష్టపడి శిక్షణకు వెళ్లినవారిలో ముందు నుంచే చొరవ ఎక్కువేమో అని ఇప్పటికీ అనుమానించవచ్చు. ఎవరిని ఎవరితో పోల్చారో, దేన్ని కొలిచారో విప్పి చెప్పారు కాబట్టే ఆ లోపం మన చేతికి దొరుకుతోంది. ఐదు గడుల కాగితంలో తప్పు ఎక్కడుందో కూడా దొరకదు.

రాజమండ్రి దగ్గరి మన కోరుకొండనే ఉదాహరణగా తీసుకుందాం. ఫోన్ చెల్లింపులు వచ్చాక ఇక్కడి కిరాణా కొట్లలో అరువు తగ్గిందా? ఇది విద్యార్థి చేపట్టదగ్గ ప్రశ్న. ‘తగ్గిందని భావిస్తున్నారా’ అని అడిగితే, బేరం మధ్యలో ఉన్న కొట్టు యజమాని ఏదో ఒక గడిలో టిక్కు పెట్టి పంపిస్తాడు. ఆయన ఒప్పుకుంటే, ఖాతాదారుల పేర్లు రాసుకోకుండా అరువు పుస్తకంలోని నెలవారీ మొత్తాలు చూడవచ్చు. ఫాల్గుణంలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణోత్సవాల రద్దీలో లెక్క తీస్తే ఏడాదంతా అదే బేరం అనిపిస్తుంది. పంట డబ్బు చేతికందే నెలలనూ, అందని నెలలనూ కలిపి చూడాలి. ఇక ఎవరిని నమ్మి అరువిస్తారన్నది ప్రశ్న అయితే అంకెలు చాలవు. పదిమంది యజమానులతో తీరిగ్గా కూర్చుని మాట్లాడాలి.

ఒక్క సెమిస్టర్‌లో ఇంత ఎక్కడ కుదురుతుందని అధ్యాపకులు అడుగుతారు. వ్యవధి తక్కువైతే ప్రశ్నను చిన్నది చేసుకోవాలి, సాక్ష్యాన్ని పలచన చేయకూడదు. పదిమంది మాట కంటే వందమంది మాట నమ్మదగ్గది కాదా అన్నది మరో అభ్యంతరం. ఆ వందమందిని ఎలా ఎంచుకున్నారో చెప్పగలిగితే నిజమే. ఎదురుపడినవాళ్లనే అడిగితే సంఖ్య పెరుగుతుంది, నమ్మకం పెరగదు. ప్రశ్నావళికీ చోటుంది. ఖాతాదారులకు ఏది నచ్చిందో తెలుసుకోవాలంటే వాళ్లనే అడగాలి. పక్కనే రాజానగరంలో ఉన్న ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం మొదలుకొని ప్రతి మేనేజ్‌మెంట్ విభాగమూ, ఈ ప్రశ్నకు ఈ పద్ధతే ఎందుకో ఒక పేజీలో రాయించి, అది ఒప్పుకోదగ్గదిగా ఉంటేనే విద్యార్థిని ఊళ్లోకి పంపాలి. అప్పుడే ఆ రిపోర్టు డిగ్రీకే కాక, కొట్టు నడిపేవారికీ అప్పిచ్చే బ్యాంకుకూ అక్కరకొస్తుంది.