బుట్ట నింపి... వెళ్లిపోతే?

చీర నచ్చినా బేరం కుదరక మెట్లు దిగిపోతుంటే, 'ఆగండమ్మా, ఎంతకిమ్మంటారో చెప్పండి' అని కేకేస్తాడు కొట్టతను. మరి ఆన్‌లైన్‌లో బుట్ట నింపి, డబ్బు కట్టకుండా వెళ్లిపోయేవాళ్లని పిలిచేదెలా? అలా మిగిలిపోయే బుట్టలు నూటికి 70 దాకా ఉంటాయట! రకరకాల అధ్యయనాల సగటు తీసి డెన్మార్క్‌లోని బేమార్డ్ సంస్థ వేసిన లెక్క ఇది.

ఊరికే చూసి వెళ్లేవారిని పక్కనపెడితే, ఎక్కువమందిని వెనక్కి నెట్టేది చివర్లో వచ్చిపడే డెలివరీ ఖర్చులూ పన్నులే. అందుకే వెళ్లినవాళ్లకి 'మీ బుట్ట ఎదురుచూస్తోంది' అంటూ మెయిళ్లు, కూపన్లూ పంపుతాయి కంపెనీలు. కార్డు నెంబరివ్వడానికి జంకేవాళ్ల కోసం ఫ్లిప్‌కార్ట్ 2010లో వస్తువు చేతికొచ్చాకే డబ్బిచ్చే పద్ధతి తెచ్చింది. నమ్మకం కలిగాక కొనేవాళ్లూ పెరిగారు.

కొందరు మాత్రం 'ఒక్కటే మిగిలింది' అని లేని తొందర పెడతారు. అడగని వస్తువుని బుట్టలో వేసేస్తారు. అసలు ధర చివరిదాకా దాస్తారు. ఇలాంటి 13 రకాల మాయల్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించింది.

మొత్తం ధరేదో మొదటే చెప్పేస్తే సరి... మెట్లు దిగేవాళ్లూ తగ్గుతారు, కేకలేసే పనీ తగ్గుతుంది!