భాషాశాస్త్రం మళ్లీ పొలం బాట పట్టాలి

తెలుగు సంస్కృతం నుంచే పుట్టిందన్న వాదాన్ని 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తోసిపుచ్చాడు. ధాతువులనూ మాటలనూ పోల్చి చూసి తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబమని చెప్పాడు. 1856లో కాల్డ్‌వెల్ ఆ పోలికకు సమగ్ర రూపమిచ్చాడు. తర్వాత శాసనాలూ సాక్ష్యానికొచ్చాయి. బెజవాడలోని యుద్ధమల్లుడి శాసనం, నన్నయకు ముందే తెలుగులో పద్యం నడిచిందని తేల్చింది. గిడుగు రామమూర్తి సవరల మాట విని వాళ్ల భాషకు వ్యాకరణం రాశారు. ఇలా సాక్ష్యం గ్రంథం నుంచి రాతికి, రాతి నుంచి నోటికి చేరింది.

ఆ మార్పు 1962లో మరో మెట్టెక్కింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం కోసం పరిశోధకులు ఊరూరా రైతుల నుంచి సేద్యపు మాటలు సేకరించారు. తెలుగునేలను నాలుగు మాండలిక మండలాలుగా గుర్తించడానికి ఆ మాటలే ఆధారం. 2018లో అంతర్జాతీయ పరిశోధకులు 20 ద్రావిడ భాషల మాటలను కంప్యూటర్‌తో విశ్లేషించి, ఈ కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్లని అంచనా వేశారు. ఆ లెక్కకూ మూలం ఆయా భాషలవాళ్ల నుంచి నేరుగా సేకరించిన మాటలే. పరికరం మారినా, సాక్షి మాట్లాడే మనిషే.

కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల భాషే పత్రికలకెక్కింది కదా, ఇక్కడ కొత్తగా సేకరించేదేముందని కొందరంటారు. పత్రికలకెక్కింది ఇక్కడి చదువుకున్నవాళ్ల తెలుగు. దివిసీమ జాలరిదీ, డెల్టా కూలీదీ అందులో ఇమడలేదు. ఇంటర్నెట్‌లోని తెలుగంతా చదివిన కంప్యూటర్‌కు సర్వేలెందుకన్నది మరో వాదన. అది గట్టిదే, అంత పాఠాన్ని ఏ పండితుడూ చదవలేడు. కానీ ఎవరూ రాయని మాట దానికెలా చేరుతుంది? కోత మిషన్లు వచ్చాక పన, కుప్పనూర్పు, కళ్లం వంటి మాటలకు పొలంలో పని తగ్గింది. కైకలూరు వైపు చేపల చెరువులతో కొత్త మాటలు పుట్టాయి. రాతనే నమ్ముకుంటే, శాస్త్రం ఏ గ్రంథాల గది నుంచి బయటపడిందో అందులోకే తిరిగి వెళ్తుంది.

మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయం, గుంటూరు దారిలోని నాగార్జున విశ్వవిద్యాలయం కలిసి డెల్టా వృత్తుల మాటలను గొంతుతో సహా రికార్డు చేయాలి, అందరికీ ఉచితంగా అందించాలి. చేత్తో కోసి, కుప్ప నూర్చిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఈ పనికి ఇదే అదను.