షోకేసులో గుంటల పీట

మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ఇళ్ళల్లో ఇప్పుడు టీవీ పక్కన అద్దాల బీరువాలో వామనగుంటల పీట కనబడుతోంది. చుట్టాలొస్తే చూపించి, "మన పెద్దలకు ప్రాబబిలిటీ ఎప్పుడో తెలుసు" అంటాం. పిల్లల్ని మాత్రం డబ్బు కట్టి అబాకస్ క్లాసుకు పంపుతాం. ఇదేం గొప్ప?

అష్టాచెమ్మా ఆడిన అవ్వలెవరూ సూత్రాలు రాయలేదు. అయినా లెక్క వాళ్ళకు అలవాటులో ఉండింది. గవ్వ వెల్లకిలా, బోర్లా సమానంగా పడుతుందనుకుంటే, నాలుగు గవ్వలు పడే తీరులు 16. అందులో రెండు పడేవి 6. అష్టా ఒక్కటే, చెమ్మా ఒక్కటే. అందుకే ఎదుటివాళ్ళ కాయకు రెండు గడుల దూరంలో ఉంటే భయం, ఎనిమిది గడుల దూరంలో ఉంటే కొంచెం ధైర్యం.

వామనగుంటలు 14. చేతిలో 14 గింజలుంటే ఆఖరిది బయల్దేరిన గుంటలోనే పడుతుంది. 17 ఉంటే దాని తర్వాత మూడో గుంటలో. ఇది శేషం లెక్కే. బళ్ళో భాగహారం చెప్పకముందే చేతికొస్తుంది.

"ఫోనులో కూడా ఉంది కదా" అంటారు. ఫోనులో గింజలు పంచేది ఫోనే. పిల్లోడు లెక్కపెట్టేదేముంది?

అసలు బాధ ఇంకోటుంది. బళ్ళో కన్నడ, ట్యూషన్‌లో ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు "తిన్నావా, పడుకో" దగ్గరే ఆగిపోయింది. నలభై ఏడు అంటే "ఫార్టీ సెవెనా?" అని అడిగే పిల్లలు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. లెక్కకూ వాదనకూ పనికిరాని భాష ఇంట్లో మాత్రం ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆట దగ్గర పిల్లోడు "అవ్వా, తప్పు పంచినావు, ఈ గుంటలో మూడే ఉండాల, లెక్కపెట్టు" అని కొట్లాడితే, వాడు తెలుగులో రుజువు చూపిస్తున్నట్టే. ఆ కొట్లాటను ఆపకండి.

కన్నడంలో అళగుళి మణె అన్నా, మనం వామనగుంటలు అన్నా ఆట ఒకటే. ఎవరిదని పక్కింటోళ్ళతో పోటీ ఎందుకు? వాళ్ళ పిల్లల్నీ పిలిచి కూర్చోబెట్టండి.

ఈ ఆదివారం బీరువా తాళం తీయండి. పీట లేనివాళ్ళు మట్టిలో గుంటలు తవ్వుకోండి. మన వైపు చింతగింజలకు కరువా?