గేరుబాక్సు విప్పే ముందు

పాత కారులో గేరు వేసేటప్పుడు గరగరమని చప్పుడు వస్తే చాలు, చుట్టూ ఉన్నవారంతా "గేరుబాక్సు పోయింది" అని తేల్చేస్తారు. పరీక్షించకుండా అనే ఈ మాటను మీరు ఒప్పుకోవద్దని నా సలహా.

కిందటేడు మా బావమరిది 12 ఏళ్లు నడిచిన చిన్న కారొకటి కొన్నాడు. వారం తిరక్కుండానే రివర్సు గేరు గరగరలాడసాగింది. మెకానిక్కు ఆ చప్పుడు విని గేరుబాక్సు దింపాలన్నాడు. అతడు చెప్పిన ఖర్చు మా వాడి రెండు నెలల జీతం. "మీరు సైన్సు చెబుతారు గదా బావగారూ, ఏమంటారు?" అని నన్నడిగాడు.

ఇంజను తిప్పుడు గేరుబాక్సుకు క్లచ్ ద్వారా అందుతుంది. క్లచ్ ప్లేటును స్ప్రింగు గట్టిగా అదిమి ఉంచుతుంది. ఘర్షణ వల్ల ప్లేటు కూడా ఇంజనుతో తిరుగుతుంది. (ఘర్షణ లాభాలు రాయమంటే మీరు నడక, అగ్గిపుల్ల రాస్తారు గాని క్లచ్ ఒక్కరూ రాయరు!) పెడల్ నొక్కితే ప్లేటు విడిపోతుంది. అప్పుడు గేరుబాక్సులోకి వెళ్లే ఇరుసు కొన్ని సెకండ్లలో ఆగిపోవాలి.

మేము మొదట ఇంజను ఆపి గేర్లన్నీ వేసి చూశాం. సాఫీగా పడ్డాయి. లివరుకు సంబంధించిన కడ్డీలు వంగి ఉంటే అప్పుడూ పట్టేయాలి గదా! తర్వాత ఇంజను నడుస్తుండగా పెడల్ పూర్తిగా నొక్కి, 10 సెకండ్లు ఆగి రివర్సు వేశాం. మళ్లీ గరగర! ముందు గేర్లలో రెండు చక్రాల వేగాన్ని సమానం చేసే సింక్రోమెష్ అనే ఏర్పాటుంటుంది. 1928లో కాడిలాక్ కార్లలో మొదట వచ్చింది. చాలా కార్లలో రివర్సుకు అది ఉండదు. కాబట్టి ఇరుసు తిరుగుతూ ఉంటే ముందుగా అక్కడే తెలిసిపోతుంది. 10 సెకండ్లయినా అది ఆగలేదంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదన్నమాట.

పెడల్‌ను చేత్తో నొక్కి చూశాను. సగం దాకా వదులుగా దిగిపోయింది. కేబుల్ సాగిందన్నమాట. మెకానిక్కుకు చూపిస్తే, ఒక నట్టు బిగించాడు. గరగర పోయింది! అదే నట్టు మరీ బిగిస్తే ఇంకో చిక్కు. ప్లేటు సరిగా అతుక్కోక జారుతుంది, ఇంజను రొద పెరుగుతుంది గాని కారు వేగం పెరగదు, కాలిన వాసన కూడా వస్తుంది. మెకానిక్కు మోసగాడని నేననను. పది బండ్లు వరుసలో ఉన్నప్పుడు మొత్తం మార్చేయడమే అతనికి సులువు. ఖర్చు మాత్రం మనది.

నిజంగా గేరుబాక్సే చెడిన సందర్భాలూ ఉన్నాయి. న్యూట్రల్‌లో వినిపించే రొద పెడల్ నొక్కగానే ఆగితే లోపలి బేరింగును అనుమానించాలి. నొక్కినప్పుడే మొదలైతే అది క్లచ్ బేరింగు. వేసిన గేరు తనంతట ఊడివస్తున్నా, తీసిన నూనెలో లోహపు పెళ్లలు కనబడినా విప్పక తప్పదు. బురదలాంటి సన్నని లోహపు పొడికి మాత్రం భయపడనక్కరలేదు.

ఇంజనులోలాగా గేరుబాక్సులో నూనె కాలిపోయే అవకాశం లేదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్లే. రాత్రి కారు కింద అట్టముక్క పరచి ఉదయం చూడండి. ఇంజను నడుస్తుండగా చేసే పరీక్షల్లో మాత్రం డ్రైవింగ్ వచ్చిన పెద్దవారే సీట్లో ఉండాలి. మీ పని పక్కన నిలబడి విని, ఏ గేరులో ఏ చప్పుడో రాసుకోవడం.

మా బావమరిది కారు నూనె తీయిస్తే తారులా నల్లగా దిగింది. దాన్ని ఎప్పుడు మార్చారో అమ్మినవారి కాగితాల్లో ఎక్కడా లేదు. కొత్త నూనె పోయించాం. మూడో గేరులో సన్నని కూత ఒకటి ఇంకా వినిపిస్తోంది. సంక్రాంతి సెలవుల్లో దాని సంగతి చూడాలి.