ప్రింటరుకో ఇంటి నెంబరు



మాది ఒడిశాలోని బిస్సమ్ కటక్. 1992లో కోరాపుట్ నుంచి విడివడిన రాయగడ జిల్లాలో, నియమగిరి కొండలకు దగ్గరగా ఉంటుంది. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మాట్లాడే తెలుగుకు లోటు లేదు, చదివే తెలుగుకే కరువు. అందుకని మా అమ్మ చెప్పే కథలను అన్నయ్య టైపు చేసి, పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి, ప్రతి ఆదివారం పిల్లల చేత చదివిస్తాడు. దీనికోసమే కింది వాటాలో అన్నయ్యా, మేడమీద నేనూ కలిసి ఒక ప్రింటరు కొన్నాం.

మొదట దాన్ని వైరుతో అన్నయ్య కంప్యూటరుకు తగిలించి, అక్కడినుంచి నాకు షేరింగు పెట్టుకున్నాం. అన్నయ్య తన కంప్యూటరు ఆపేసి పనికి వెళితే ఇక నాకు ప్రింటు లేదు! ఇలా కాదని ప్రింటరును నేరుగా ఇంటి వై-ఫై రూటరుకు కలిపాం. రెండు వారాలు హాయిగా నడిచింది.

ఒక శనివారం సాయంత్రం గాలివానకు కరెంటు పోయి వచ్చింది. ఆపైన ఏ కంప్యూటరు నుంచి పంపినా 'ప్రింటరు ఆఫ్‌లైన్' అనే జవాబు. ప్రింటరు దీపం మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది. అమ్మ వచ్చి నిలబడింది.

"ఏట్రా, నా కథ ఇంకా అవలేదా? చిన్నది తెలుగు సున్నను చూసి ఒడియా 'ఠ' అంటంది. ఒక్క వారం మానీసినా అదీ మర్చిపోద్ది."

ఆ మాట నిజమే. ఒడియాలో 'ఠ' అక్షరం గుండ్రంగా మన సున్నలాగే ఉంటుంది.

ముందు క్యూలో చిక్కుకున్న పాత పనులన్నీ రద్దు చేశాను. లాభం లేదు. తరువాత ప్రింటరు మెనూలోంచి నెట్‌వర్కు వివరాల కాగితం తీశాను. దొంగ అక్కడ దొరికాడు. కంప్యూటరు ఇంకా 192.168.1.5 అనే అడ్రసుకే పంపుతోంది. ప్రింటరేమో 192.168.1.8కి మారిపోయింది. రూటరు ఈ నెంబర్లను అద్దె గదుల్లా ఇస్తుంది. కరెంటు పోయి వచ్చాక ముందు మేలుకున్న ఫోనుకు పాత గది దక్కింది. పోస్టుమాను పాత తలుపే తడుతున్నాడన్నమాట!

మందు సులువే. రూటరు సెట్టింగులలో 'అడ్రస్ రిజర్వేషన్' అని ఉంటుంది. అక్కడ ప్రింటరు మాక్ అడ్రసు, అంటే తయారీలోనే దానికిచ్చిన గుర్తింపు సంఖ్య, నమోదు చేసి ఒక నెంబరు ఖాయం చేయాలి. తరువాత ప్రింటరును ఒకసారి ఆపి వేయాలి. విండోస్ కంప్యూటరులో ప్రింటరు ప్రాపర్టీస్‌లోని 'పోర్ట్స్'కు వెళ్ళి, 'స్టాండర్డ్ టి.సి.పి./ఐ.పి. పోర్టు'గా అదే నెంబరు ఇవ్వాలి. ఇక ఎన్నిసార్లు కరెంటు పోయినా అడ్రసు మారదు.

మరో రెండు సంగతులు. చాలా ప్రింటర్లకు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై మాత్రమే అందుతుంది. అతిథులకిచ్చే 'గెస్ట్' వై-ఫైలో ఉన్న ఫోనుకు సాధారణంగా ఇంటి ప్రింటరు కనబడదు. ఈ రెండూ చూసుకోకుండా ప్రింటరును తిట్టకండి.

మా కథ అంతటితో తీరలేదు. మేడమీదనుంచి పంపితే ప్రింటు వచ్చింది గానీ, తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు! అన్నయ్య టైపు చేసింది పాతకాలపు డి.టి.పి. ఫాంటులో. అది నా కంప్యూటరులో లేదు. 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటుంది, కాని ఆ పాత ఫాంట్లు దాన్ని పాటించవు. అన్నయ్య దగ్గరే ఫాంటుతో సహా పి.డి.ఎఫ్. చేయించి పంపితే చక్కగా వచ్చింది. కొత్త కథలు యూనికోడ్‌లోనే టైపు చేస్తానని అన్నయ్య ఒప్పుకున్నాడు.

రాత్రి పదకొండయింది. ప్రింటరుకు ఖాయం చేసిన నెంబరును కాగితంమీద రాసి దాని నెత్తినే అంటించాను. మీరూ అలా చేయండి, రేపు మీరు ఊళ్ళో లేకపోయినా ఇంకొకరికి దారి తెలుస్తుంది.

ఆదివారం చిన్నది కథలో మూడు సున్నలు సరిగ్గా చదివి, నాలుగోదాన్ని మళ్ళీ 'ఠ' అంది. అమ్మ నవ్వి, వచ్చే వారానికి ఇంకో కథ మొదలుపెట్టింది.

ఉంటాను మరి.