నచ్చిన జవాబులోనే తప్పు దాక్కుంటుంది



హైస్కూలు పిల్లల మధ్య తిరిగే ఒక గమ్మత్తు లెక్క ఉంది. ఒకటీ రెండూ సమానమేనని అది నిరూపిస్తుంది. మీ ఇంట్లో తొమ్మిదో తరగతి చదివేవాళ్లుంటే కాగితం, పెన్ను ఇచ్చి పక్కన కూర్చోండి.

‘క’, ‘గ’ అనే రెండు సంఖ్యలు సమానం అనుకుందాం. రెండు వైపులా ‘క’తో హెచ్చించి, రెండు వైపుల నుంచీ ‘గ’ వర్గాన్ని తీసేస్తే (క + గ)(క − గ) = గ(క − గ) అని వస్తుంది. రెండు వైపులా ఉన్న (క − గ)ని కొట్టేస్తే మిగిలేది క + గ = గ. రెండూ ఒకే సంఖ్య గనుక, రెండు ‘గ’లు ఒక ‘గ’కు సమానం. అంటే 2 = 1.

ప్రతి వరుసా మాస్టారు నేర్పినట్టే ఉంది. తప్పు ఆ కొట్టివేతలో ఉంది. రెండూ సమానమైనప్పుడు (క − గ) అంటే సున్నా. ఒకటిని సున్నాతో హెచ్చించినా, రెండును సున్నాతో హెచ్చించినా వచ్చేది సున్నాయే. అంతమాత్రాన ఒకటీ రెండూ ఒకటైపోవు. అందుకే సున్నాను అలా కొట్టేయకూడదు.

అయితే ఒక ప్రశ్న. ఈ లెక్కలో తప్పు వెతకాలని మనకెందుకు తోచింది? జవాబు మింగుడు పడలేదు కాబట్టి. అదే జవాబు మనకు నచ్చేదైతే వెతికేవాళ్లమా?

దీనికి లెక్కల చరిత్రలోనే సాక్ష్యం ఉంది. ఏ మ్యాపులోనైనా పక్కపక్క ప్రాంతాలకు వేర్వేరు రంగులు వేయాలంటే నాలుగు రంగులు చాలునా? 1852లో ఇంగ్లండ్‌లో పుట్టిన ప్రశ్న ఇది. ఎన్ని మ్యాపులు వేసి చూసినా నాలుగే చాలేవి. అందరికీ చాలుననే అనిపించేది. 1879లో కెంపె అనే లండన్ న్యాయవాది రుజువు ప్రచురించారు. లెక్కల పండితులు ఒప్పుకున్నారు. పదకొండేళ్లు ఆ రుజువు నిలిచింది.

1890లో హీవుడ్ అనే మరో గణితజ్ఞుడు అందులో పగులు చూపించారు. కెంపె ఒకచోట రంగులను రెండు వరుసలలో ఒకేసారి తారుమారు చేశారు. ఏ ఒక్క వరుసను మార్చినా ఇబ్బంది లేదు. రెండూ కలిపి మారిస్తే కొన్ని మ్యాపుల్లో ఒకే రంగు రెండు పక్కపక్క ప్రాంతాలకు పడిపోతుంది. కెంపె తన తప్పును ఒప్పుకున్నారు.

ఈ కథలో నావంటి వారికి గుచ్చుకునే సంగతి ఇంకొకటి ఉంది. 1889లో ఇదే ప్రశ్నకు ఫ్రెడరిక్ టెంపుల్ కూడా రుజువు ఇచ్చారు. ఆయన అప్పుడు లండన్ బిషప్. తరువాత కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయ్యారు. ఏ అయిదు ప్రాంతాలూ ఒకదానికొకటి అన్నీ సరిహద్దు కాలేవని ఆయన చూపించారు. అది నిజమే. కాబట్టి అయిదో రంగు అక్కర్లేదన్నారు. అక్కడే జారారు.

ఎలాగో గీసి చూడండి. మధ్యలో ఒక ఊరు, దాని చుట్టూ గుండ్రంగా అయిదు ఊళ్లు గీయండి. ఇందులో ఒకదానికొకటి అన్నీ తగిలే నాలుగు ఊళ్లు ఎక్కడా లేవు. అయినా రంగులు వేయబోతే నాలుగు కావలసిందే. అంటే, ఒకదానికొకటి తగిలేవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రంగులు తేల్చలేం. బిషప్ గారి మొదటి మాట నిజం, ముగింపు కూడా నిజమే. మధ్యలో వంతెన లేదు. పదవి ఆ వంతెన కట్టలేదు.

ఔను, ముగింపు నిజమే. 1976లో ఆపెల్, హాకెన్ అనే ఇద్దరు కంప్యూటరు సాయంతో నాలుగు రంగులు చాలునని రుజువు చేశారు. జవాబు సరైనదే అయినా ముందటి రుజువులు తప్పే. ఈ రెండింటినీ విడదీసి చూడటం మనం నేర్చుకోవాలని నా అభిప్రాయం. ఎందుకంటే దీనికి మన ఊళ్లలో వెల కడుతున్నాం.

‘మీరు ఇద్దరిని చేర్పించండి చాలు, ఆ ఇద్దరూ చెరి ఇద్దరిని చేరుస్తారు’ అని గొలుసు పథకాలవారు బోర్డు మీద లెక్క వేస్తారు. కూడిక తప్పు ఉండదు, హెచ్చవేత తప్పు ఉండదు. అసలు తప్పు ‘చేరుస్తారు’ అన్న మాటలో ఉంది. ఒక్కరితో మొదలై 27 సార్లు రెట్టింపైతే 13 కోట్లు దాటుతుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం ఎనిమిదిన్నర కోట్లు కూడా లేదు. చివర చేరినవాడు ఎవరిని చేర్చాలి? ఇలాంటి పథకాలను నిషేధించే చట్టం 1978 నుంచే ఉంది. అయినా పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు, మెడలోని పుస్తెలతాడు వాటిలోకి పోతూనే ఉన్నాయి. ఆ లెక్కను ఎవరూ దిద్దరు, జవాబు తియ్యగా ఉంది గనుక.

డబ్బు సంగతి సరే. మంచి మాటకు తప్పుడు రుజువు తెస్తే నష్టమేమిటని కొందరు అడుగుతారు. పొగాకు హాని చేస్తుంది, అది నిజం. ఆ నిజం చెప్పడానికి ఎవరో కల్పించిన అంకెను ఫోనులో పంపించారనుకోండి. మీ కొడుకు కాలేజీలో ఆ అంకె అబద్ధమని తెలుసుకుంటాడు. అప్పుడు వాడు అంకెను మాత్రమే పారేయడు, మీ మాటనూ పారేస్తాడు, చుట్ట మళ్లీ వెలిగిస్తాడు. నిజానికి అబద్ధపు సాక్షిని నిలబెట్టినవాడు నిజాన్నే ఓడిస్తాడు.

కాబట్టి ప్రియులారా, మీకు కోపం తెప్పించే మాటను ఎలాగూ పరీక్షిస్తారు. మీకు నచ్చిన మాటను రెండుసార్లు పరీక్షించండి. ‘ఇది నిజమేనా’ అని మాత్రమే అడగకండి. ‘ఈ వరుస నుంచి ఆ వరుసకు ఎలా వచ్చావు’ అని అడగండి. అమ్మకానికి వచ్చినవాడినీ, ఓట్లకు వచ్చినవాడినీ, ప్రసంగ వేదిక మీద నిలిచే కాపరినీ అలాగే అడగండి. అలా అడగడం అవమానం కాదు. హీవుడ్ కెంపెను అవమానించలేదు. ఆయన దారిలోనే నడిచి, అయిదు రంగులైతే ఖాయంగా చాలునని రుజువు చేశారు. 1976లో గెలిచిన రుజువులోనూ కెంపె ఆలోచన ఉంది. తప్పును తీసేశాకే అందులోని మంచి పనికొచ్చింది.

దిద్దబడటానికి సిగ్గుపడని మనస్సు, దిద్దేటప్పుడు గర్వించని మనస్సు మనకు కలుగును గాక.