కోడి మంచిగనే ఉండె గదా!

ఆదివారం వచ్చిందంటే గోదావరిఖనిలో చికెన్ షాపుల ముందు జనమే జనం. సింగరేణి కార్మికులకు అది ప్లేడే. వారమంతా షిఫ్టుల వెంట పరుగెత్తే ఇంట్లో అందరూ కలిసి కూర్చుని తినేది ఆ ఒక్క పూటే. మొన్న అక్కావాళ్ల క్వార్టర్‌కి వెళ్తే మేనల్లుడు మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు, జ్వరం. తిన్నది తేడా చేసిందన్నారట డాక్టరు.

"కోడి మంచిగనే ఉండెరా తమ్మీ! మా కండ్ల ముందే కోసిండు. కూర గుడ మంచిగ ఉడికింది. మరి పిల్లగానికి ఎట్లయింది?" అని అక్క దిగులు.

పరీక్షలేవీ చేయించలేదు కాబట్టి ఫలానా క్రిమి పనేనని చెప్పలేం. కానీ అక్క ప్రశ్నలో విషయం ఉంది. హుషారుగా తిరిగే కోడిలో రోగాన్ని తెచ్చే క్రిమి ఉంటుందా? ఉంటుంది. అలాంటివాటిలో పేరుమోసింది సాల్మొనెల్లా. 1885లో అమెరికాలో దీన్ని గుర్తించింది థియోబాల్డ్ స్మిత్ అయితే, పేరు మాత్రం ఆయన పై అధికారి డేనియల్ సాల్మన్‌ది!

ఈ బ్యాక్టీరియా మేతతోనో, నీళ్లతోనో కోడి పేగుల్లోకి చేరుతుంది. దాని ఒంటిమీద సూదుల్లాంటి గొట్టాలుంటాయి. వాటితో పేగు కణంలోకి కొన్ని ప్రొటీన్లను ఎక్కిస్తుంది. దాంతో కణం పైపొర అలలా లేచి, క్రిమిని తనే లోపలికి లాక్కుంటుంది. తాళం పగలగొట్టకుండా ఇంటాయనతోనే తలుపు తీయించుకోవడమన్నమాట.

అసలు విచిత్రం తర్వాత ఉంది. శరీరానికి కాపలా కాసే భక్షక కణాలు క్రిముల్ని మింగి, ఓ తిత్తిలో బంధించి, ఆమ్లంతో, ఎంజైములతో కరిగించేస్తాయి. సాల్మొనెల్లా ఆ తిత్తినే కాపురంగా మార్చుకుంటుంది. చుట్టూ ఆమ్లం పెరగ్గానే పసిగట్టి, రెండో రకం సూదులు బయటికి తీస్తుంది. వాటితో పంపిన ప్రొటీన్లు ఎంజైముల దాడిని అడ్డుకుంటాయి. అక్కడే పిల్లలు పెట్టి, కాపలాదారు కణాలనే బండిగా చేసుకుని కాలేయానికీ ప్లీహానికీ ప్రయాణిస్తుంది.

అన్ని రకాలూ ఒకలాంటివి కావు. గాలినారమ్ అనే రకం కోళ్లకు టైఫాయిడ్ లాంటి జబ్బు తెచ్చి గుంపులకు గుంపుల్నే చంపుతుంది. ఎంటెరిటిడిస్ రకమైతే పెద్ద కోళ్లను చాలాసార్లు ఏమీ చేయదు. గుట్టుగా పెట్ట అండాశయంలో చేరి, పెంకు కట్టకముందే గుడ్డులోకి దూరగలదు. అందుకే పైన ఎంత తళతళలాడినా పచ్చి గుడ్డును నమ్మలేం. పచ్చి గుడ్లతో చేసే మయోనీజ్ వల్ల జనం జబ్బుపడుతున్నారన్న ఫిర్యాదులతో తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న దాన్ని ఏడాదిపాటు నిషేధించింది కూడా.

మరి ఉడికిన కూర తిన్నవాడికి ఎందుకొచ్చినట్టు? వంటింట్లోకి తొంగిచూస్తే ఓ అనుమానం తగిలింది. చికెన్‌ని నల్లా కింద కడుగుతుంటే చుక్కలు పక్కనున్న గిన్నెల మీద చిందుతున్నాయి. కోడి కోసిన కత్తితోనే ఉల్లిగడ్డ, నిమ్మకాయ. కూర ఉడుకుతుంది కానీ ఉల్లిగడ్డ ఉడకదు కదా!

ముక్క లోపల 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే ఈ క్రిమి చస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే పెరగడం ఆగుతుందే తప్ప చావదు. కాబట్టి మాంసానికి కత్తి, పీట వేరుగా ఉంచండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. నల్లా కింద కడిగితే క్రిమి పోదు, ఇల్లంతా చిందుతుంది. చంటిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో మరీ జాగ్రత్త.

మేనల్లుడు కోలుకున్నాడు. వంటింట్లోకి ఎర్రపిడి కత్తి ఒకటి కొత్తగా వచ్చింది. "గనిల నాకు సేఫ్టీ రూల్స్, ఇంట్ల మీ అక్కకు" అని బావ నవ్వాడు. అక్క మాత్రం నవ్వలేదు. "ఆ కత్తితోని నిమ్మకాయ ముట్టినవో, సూడు మరి!" అంది.